ఒక గొర్రె, ఇద్దరు యజమానులు

స్కార్ద్, 1971 ఫిబ్రవరి 9

ఉన్నూర్‌కి, మామయ్య కోల్బెయిన్ రాస్తున్నది.

నీ ఉత్తరం నిన్న పాలబండిలో వచ్చింది. మీ అమ్మ చదివి, కళ్లు తుడుచుకుని, నీకు ఇంకో జత మేజోళ్లు అల్లడం మొదలుపెట్టింది. లెక్కల్లో తప్పిన పిల్లకి మేజోళ్లెందుకో నాకు అర్థం కాలేదు. అడగలేదు కూడా.

కొన్ని క్రమయుగ్మాలు ఇచ్చి, ఇది ప్రమేయమా కాదా చెప్పమంటే చెప్పలేకపోయానని రాశావు. ఆ కొత్త లెక్కల పుస్తకం నాకూ పంపారులే. ముప్ఫై ఏళ్లుగా ఈ లోయ పిల్లలకి కూడికలూ వడ్డీ లెక్కలూ చెప్పుకుని బతికినవాణ్ణి. ఇప్పుడు సమితులట, బాణాలట, జతలట. పోయిన చలికాలమంతా భూతద్దం పెట్టుకుని చదివాను. పుస్తకం ఒక అధ్యాయమంతా సాగదీసిన సంగతి నేను రెండు ముక్కల్లో చెబుతాను, విను.

ఒక గొర్రెకి ఒక్కడే యజమాని. ఒక యజమానికి ఎన్ని గొర్రెలైనా ఉండొచ్చు. అలా ఉంటే అది ప్రమేయం. ఒకే గొర్రె చెవులు పట్టుకుని ఇద్దరు నాదంటే నాదన్నారంటే అది ప్రమేయం కాదు, తగాదా. ఏడేళ్ల కిందట ఆ బక్కి హ్యాల్టితో నాకు జరిగింది అదే కదా. నక్క కొరికి చెవి మీద మా ఇంటి గుర్తు గాటు చెరిగిపోయింది గాని ఆ గొర్రెపిల్ల నాదే. వాడు తనదన్నాడు. ఊరి పెద్దలు దాన్ని వేలం వేసి చేతులు దులుపుకున్నారు. అప్పట్నుంచి గట్టుకి అటొకరం ఇటొకరం, మాటల్లేవు.

నా కళ్ల సంగతి నీకు తెలుసు. ఈ వసంతంతో నా బడి ఉద్యోగం సరి. అక్టోబరులో బడి తెరిచేనాటికి నీ చేతిలో టీచరు పట్టా ఉంటే బడి నీది. లేకపోతే బడికి తాళం వేసి పిల్లల్ని కొండ అవతల హాస్టల్‌కి పంపాలని కమిటీ తీర్మానించింది. ఏడేళ్ల పిల్లలు ఉన్నూర్, వారమంతా అమ్మ మొహం చూడకుండా.

ఫోన్ మాత్రం చెయ్యకు. మన లైను మీద ఎవరింట గంట మోగినా లోయంతా ఫోనెత్తి వింటుంది. స్కార్ద్ పిల్ల లెక్కల్లో తప్పిందని హ్యాల్టి చెవిన పడితే నేను తలెత్తుకోలేను. ఉత్తరాలు చాలు.

చలిలో టోపీ పెట్టుకో.
మామయ్య


రేక్యావిక్, ఫిబ్రవరి 28

మామయ్యా,

ఇంతేనా? ఇంత చిన్న విషయానికా నేను తిండి మానేసి కూర్చున్నది! గొర్రెలని చెబితే నాకు రాకపోవడమేమిటి? ఆరేళ్లప్పట్నుంచీ దొడ్డి గోడెక్కి, చెవి గాటు కనబడగానే "బక్కి!" "తుంగా!" అని ఇళ్ల పేర్లు అరిచినదాన్ని. నా అరుపు విన్నాకే కదా మీరంతా గొర్రెని కొమ్ములు పట్టి దొడ్డిలో ఆ ఇంటివాళ్ల గదిలోకి ఈడ్చేవాళ్లు. తరగతిలో ఆ పట్నం పిల్లలు బాణాలు గీసుకుంటూ కూర్చుంటే నేను కళ్లు మూసుకుని మన దొడ్డిని తలుచుకుంటున్నాను.

మేజోళ్లు అందాయని అమ్మకి చెప్పు. ఇంటావిడ మంచిదే గాని వేడినీళ్ల దగ్గర పీనాసి. సాయంత్రం చదువుకుందామంటే గ్రీమూర్ వచ్చి నా మంచం మీదే వాలిపోతాడు, లేవమన్నా లేవడు. వాడితో నాకు రోజూ గొడవే.

ఈసారి మార్కులు చూసుకో.
నీ ఉన్నూర్


రేక్యావిక్, మార్చి 24

మామయ్యా,

మార్కులు చూసుకున్నాను. సున్నా.

ఒక్కటంటే ఒక్కటి కూడా సరి కాలేదు. నేను ప్రమేయమన్న ప్రతిదీ మేడం కాదంది, కాదన్న ప్రతిదీ అవునంది. నువ్వు చెప్పిన మాట అక్షరాలా పట్టుకునే రాశాను. ఒక గొర్రెకి ఇద్దరు యజమానులు కనబడిన చోటల్లా కాదని, ఒక యజమానికి రెండు మూడు గొర్రెలుంటే అవునని. లేచి అడిగితే మేడం మొత్తం నిర్వచనం మళ్లీ చదివింది. అదీ నువ్వు చెప్పినట్టే ఉంది. తరగతంతా నన్ను చూసి నవ్వింది. నువ్వు నేర్చుకున్నది పాతకాలం లెక్కేమో, మళ్లీ ఒకసారి పుస్తకం చూడు.

ఉన్నూర్


స్కార్ద్, ఏప్రిల్ 4

ఉన్నూర్‌కి,

పాతకాలమట! గొర్రెకి ఒక్క యజమాని ఉండటం పాతకాలమైతే కొత్తకాలంలో ఎంతమందో కనుక్కుని రాయి.

ఇంకోటి. అన్నీ తప్పు రాయడం మామూలు మనుషుల వల్ల కాదు. మన పొట్టేలుని పరీక్షకి కూర్చోబెట్టి, కుడి కాలు ఎత్తితే అవును, ఎడమ కాలు ఎత్తితే కాదు అనుకున్నా దానికి సగం మార్కులు వస్తాయి. నీకు సున్నా ఎలా వచ్చిందో నేను ఊహించగలను. గ్రీమూర్ ఎవరు? ఏం పని చేస్తాడు? పరాయి పిల్ల మంచం మీద వాలిపోయేవాణ్ణి ఇంటావిడ ఎలా రానిస్తుంది? నేను నిన్ను పంపింది చదువుకోమని. మీ అమ్మ మాత్రం గ్రీమూర్ పేరెత్తితే ఎందుకో అల్లిక అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. ఈ ఇంట్లో బాధ్యత అంతా నా ఒక్కడిదే అయిపోయింది.

ఆఖరుసారి చెబుతున్నాను. (1, 5), (2, 5), (3, 5): ఇది ప్రమేయం. (1, 5), (1, 6): ఇది కాదు. ఇంతకంటే విడమరిచి చెప్పడం నా వల్ల కాదు. గొర్రెలు ఈనే రోజులు వస్తున్నాయి, నాకు నిద్ర కూడా ఉండదు.

మామయ్య


రేక్యావిక్, మే 27

మామయ్యా,

ముందుగా ఒక మాట, కోప్పడకు. నీ ఉత్తరంలో ఉదాహరణలు రెండూ తారుమారైపోయాయి. తప్పు నీది కాదు, నీ కళ్లది. నేనే దిద్దుకున్నాను. (1, 5), (2, 5), (3, 5) అంటే ఐదో నంబరు గొర్రెని ముగ్గురు లాక్కుంటున్నట్టు కదా, దాన్ని పట్టుకుని ప్రమేయం అన్నావు. (1, 5), (1, 6) అంటే ఒకే ఇంటికి రెండు గొర్రెలు, హాయిగా ప్రమేయం. నువ్వు కాదన్నావు.

ఇక అసలు కబురు. మిగతావన్నీ ప్యాసయ్యాను. లెక్కల్లో పోయింది. ఇంకొక్క అవకాశం ఇస్తారట, సెప్టెంబరు 22న. అది కూడా పోతే ఏడాదంతా మళ్లీ చదవాలి. అప్పటికి మన బడి ఉండదు.

గ్రీమూర్ ఇంటావిడ పిల్లి. బూడిదరంగుది, బొజ్జ వేలాడుతుంటుంది. అతనితో నా పెళ్లి కుదరదులే, నిశ్చింతగా ఉండు.

ఉన్నూర్


స్కార్ద్, జూన్ 12

ఉన్నూర్‌కి,

నీ ఉత్తరం తెరిచాను. నా లెక్క తప్పని, నువ్వు దిద్దుకున్నావని ఉన్న చోటు దాకా చదివి మీ అమ్మ చేతికిచ్చేశాను. మిగతాది ఆవిడ చదువుకుంది. పరీక్ష పోయిందని మాత్రం చెప్పింది. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నట్టుంది నీ వరస. గురువు తప్పు దిద్దే శిష్యురాలికి సున్నా ఎందుకొస్తుందమ్మా?

మీ అమ్మ నాకు చెప్పకుండా నీకు ఫోన్ చేసిందని ఇప్పుడే తెలిసింది. ఇంకేముంది, తుంగా వాళ్ల దగ్గర్నుంచి బక్కి దాకా అందరికీ తెలిసిపోయింది. మొన్న సహకార దుకాణంలో హ్యాల్టి నా పక్కనే ముళ్లకంచె బరువు తూయిస్తూ నిలబడ్డాడు. ఒక్క మాట అనలేదు. అనకపోవడమే అనడం, వాడి సంగతి నాకు తెలుసు. వాడి మనవరాలు లీనాకి ఈ ఏడాదే బడి ఈడు. హాస్టల్‌కి పంపాల్సి వస్తే ఆ ఇల్లంతా నన్నే వేలెత్తి చూపిస్తుంది.

నువ్వు ఆ గ్రీమూర్‌ని వదిలి ఇంటికొచ్చేస్తే గడ్డి కోతల్లో కూర్చోబెట్టి నేర్పుతాను. రానంటే నీ ఇష్టం. ఇక నేను రాయను.

కోల్బెయిన్


రేక్యావిక్, ఆగస్టు 22

మామయ్యా,

రాయనన్నావు, రాయలేదు. మాట మీద నిలబడేవాడివని లోయంతా చెప్పుకుంటుంది, ఇప్పుడు నేనూ చూశాను.

ఇంటికి రాలేదు ఎందుకంటే గది అద్దెకి డబ్బు కావాలి. చేపల కర్మాగారంలో కాడ్ చేప ముక్కలు పొట్లాలు కడుతున్నాను. చేతులు ఎంత కడిగినా వాసన పోవడం లేదు. అక్కడి మేస్త్రీ చలికాలం కూడా ఉండమంటున్నాడు. ఉండిపోదామనే అనుకుంటున్నాను. పరీక్షకి పేరిచ్చాను గాని వెళ్లను. మళ్లీ అందరి ముందు సున్నా తెచ్చుకునే ఓపిక లేదు.

ఒకటి అడుగుతాను. ముప్ఫై ఏళ్లు ఊరందరి పిల్లలకీ చదువు చెప్పావు. తుంగా వాళ్ల పెద్దవాడికి గుణకారం రావడానికి రెండు చలికాలాలు పట్టింది, వాడి మీద ఒక్కసారి గొంతెత్తలేదు. వాడి పలక తీసుకుని, ఏదీ, ఎలా చేశావో చూపించు అనేవాడివి. నన్ను ఒక్కసారి కూడా అలా అడగలేదు. నేనూ నీ శిష్యురాలినే అనుకున్నాను, తప్పయితే క్షమించు.

లీనాకి నా తరఫున చెప్పు. దాని కోసం బడి గోడకి అంటించాలని పక్షుల బొమ్మలు కొన్నాను. హాస్టల్‌కి వెళ్లేటప్పుడు పట్టుకెళ్లమను, పంపిస్తాను.

ఉన్నూర్


స్కార్ద్, సెప్టెంబరు 19

ఉన్నూర్ తల్లీ,

ఇది నీకు వేళకి చేరదు. వానకి ఏరు పొంగి వంతెన కొట్టుకుపోయింది, పాలబండి ఎప్పుడు కదులుతుందో దేవుడికి తెలియాలి. అయినా రాస్తున్నాను, రాయకపోతే నా మనసు నిలవదు.

నిన్న దొడ్డిలో ఎవరి గొర్రెల్ని వాళ్లు ఏరుకునే రోజు. కొండ మీంచి మందలన్నీ దిగాయి. చినుకుల్లో, బురదలో, ఎప్పటిలాగే ఊరంతా అక్కడే. నడి దొడ్డిలో ఒక ఆడగొర్రె నా కాళ్ల మధ్యకి వచ్చింది. ఒడిసి పట్టుకున్నాను. నా కళ్లు ఎలా ఉన్నా వేళ్లు చదువుతాయి కదా, చెవి తడిమాను. కుడి కొన చీలిక, ఎడమ వెనక గాటు. నా నోరు నా అనుమతి లేకుండానే అరిచింది: బక్కి!

అలా అరిచి, గొర్రెని ఈడ్వకుండా అక్కడే నిలబడిపోయాను. నాకు పక్షవాతం వచ్చిందనుకుని తుంగా వాళ్లు పరిగెత్తుకొచ్చారు.

ముందు యజమాని. గొర్రె తర్వాత. మన నోట ఎప్పుడూ అదే వరస. నేనూ అలాగే అరిచాను, మా నాన్న అలాగే అరిచాడు, నువ్వు ఆరేళ్లప్పట్నుంచి గోడెక్కి అలాగే అరిచావు. పుస్తకంలో జతకి వరస ఉంది. ముందు రాసింది గొర్రె, తర్వాత రాసింది యజమాని. నువ్వు మన దొడ్డి వరసలో చదువుతున్నావు. అందుకే ఒక్కటి కూడా సరి కాలేదు. అన్నీ తప్పడం అంటే అన్నీ తిరగబడటమేనని ఏ గాడిదకైనా తట్టాలి. నేను పొట్టేలు మీద హాస్యమాడుతూ కూర్చున్నాను.

ఇంటికొచ్చి, కాఫీ డబ్బా కింద నీ మే నెల ఉత్తరం తీసి, ఆ లెక్క ఉన్న ముక్క మాత్రం భూతద్దం పెట్టి చదివాను. ఐదో నంబరు గొర్రె అని నువ్వే రాశావు. తుంగా వాళ్ల పిల్లవాడి పలక తీసుకున్నట్టు నీ కాగితం తీసుకుని చూసి ఉంటే ఆ రోజే తేలిపోయేది. నువ్వన్నది నిజం. ఆ మాట నాకు బాగా తగిలింది.

రేపు ఫోన్ చేస్తాను. హ్యాల్టి వింటే విననీ. వెళ్లనని మాత్రం అనకు.

మామయ్య


రేక్యావిక్, సెప్టెంబరు 30

అమ్మా, మామయ్యా, ఇద్దరికీ,

పందొమ్మిదో తేదీ ఉత్తరం ఇవాళ వచ్చింది. కాబట్టి ఫోన్లో ఇక్కడ ఏం వినబడిందో చెబుతాను, మీకు అటువైపు సగమే తెలుసు.

నేను పని నుంచి వచ్చి చేతులు కడుక్కుంటున్నాను. ఇంటావిడ పిలిచింది, మీ ఊరి నుంచి అని. ఎవరో పోయారనుకుని పరిగెత్తాను. మామయ్యా, నీ గొంతు పీపాలోంచి వస్తున్నట్టుంది. నువ్వు గొర్రె అన్నావు, యజమాని అన్నావు, అంతలో టక్, టక్, టక్. ఒక్కొక్కరే ఫోనెత్తుతున్నారు, ఎత్తిన కొద్దీ నువ్వు దూరమైపోతున్నావు. నువ్వు అందర్నీ పెట్టెయ్యమని తిట్టడం వినబడింది. ఒక్కరు పెట్టలేదు. ఏమీ వినబడటం లేదని నేను ఏడ్చాను. ఆ తర్వాత గుయ్యిమనే చప్పుడే.

అప్పుడు ఇంకో గొంతు, దగ్గరగా, ఈ గదిలోంచే అన్నట్టు.

"అమ్మాయ్, నేను బక్కి హ్యాల్టిని. మా ఇల్లు ఎక్స్ఛేంజి పక్కనే, నా మాట నీకు వినబడుతుంది. మీ మామ అంటున్నాడు, జతలో ముందున్నది గొర్రెట. తర్వాతది యజమానట. నువ్వు దొడ్డిలో అరిచినట్టు తిరగేసి చదువుతున్నావట. అర్థమైందా?"

ఆయన మళ్లీ చెప్పారు. "ముందు గొర్రె. తర్వాత ఇల్లు. చేపలూ గీపలూ వదిలేసి వెళ్లి పరీక్ష రాయి. లీనా పెట్టె సర్దనని కూర్చుంది."

తుంగా అత్త కూడా ఏదో అంది, దగ్గు మందు గురించేమో. లైను తెగిపోయింది.

గదిలోకొచ్చి పుస్తకం తెరిచాను. అమ్మా, ఏడు నెలలుగా నా మొహాన తలుపు వేసిన లెక్కలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. ఇంత చిన్నదానికా!

పరీక్షలో మొదటిది (1, 4), (2, 4), (3, 4). మూడు గొర్రెలు ఒకే ఇంటికి వెళ్తున్నాయి, ప్రమేయమే. తర్వాతది (2, 1), (2, 3). ఒకే గొర్రె, రెండు ఇళ్లు. చెరో చెవీ పట్టుకుని నువ్వూ హ్యాల్టి గారూ కనబడ్డారు. కాదు అని రాశాను, గట్టిగా, కలం పాళీ వంగేలా.

ప్యాసయ్యాను. పట్టా మీద ముద్ర పడటానికి వారం పడుతుందట. బడి గది కిటికీలు తెరిచి పెట్టించు, పోయినేడు బూజు వాసనకి నాకు తుమ్ములే తుమ్ములు.

మీ ఉన్నూర్


స్కార్ద్, అక్టోబరు 6

టీచరమ్మకి, మాజీ టీచరు రాస్తున్నది.

కిటికీలు తెరిచాను. పొయ్యి వెలిగించాను. మీ అమ్మ ఏడుస్తూ మేజోళ్లు అల్లుతోంది, ఈసారి ఎందుకో నాకు అర్థమైంది.

ఇక నా కష్టం విను. ఆదివారం హ్యాల్టి ఇంటికొచ్చాడు. ఏడేళ్లయింది వాడు ఈ గుమ్మం తొక్కి. కుర్చీలో కూర్చుని, పంచదార బిళ్ల పంటి కింద పెట్టుకుని కాఫీ తాగాడు. గొర్రెపిల్ల మాటెత్తలేదు. నేనూ ఎత్తలేదు. గ్రీమూర్ పిల్లి అని వాడే చెప్పాడు, మీ అమ్మ ఫోన్లో నవ్వుతుంటే విన్నాడట. లోయలో అందరికంటే ఆఖరున తెలిసింది నాకే.

అంతటితో పోయాడా? లేచేటప్పుడు, మన అమ్మాయికి లెక్కలు నేనే నేర్పాను అన్నాడు. మళ్లీ సహకార దుకాణంలో అందరి ముందూ అదే అన్నాడు! చలికాలమంతా భూతద్దం పట్టుకుని ఆ దిక్కుమాలిన పుస్తకం చదివిందెవరు? ఉత్తరాలు రాసి రాసి వేళ్లు అరిగిందెవరికి? వాడు ఫోన్లో ఒక్క నిమిషం అరిచాడు, అదీ నా మాటే. ఇన్నాళ్లకి పలకరించాడు గదాని ఊరుకుందామంటే తల ప్రాణం తోకకి తెస్తున్నాడు. పైగా వాడి జీపులో హీటరుందని, బస్సు దగ్గరికి వాడే వచ్చి నిన్ను తీసుకొస్తాడట. వీల్లేదన్నాను. నేను గుర్రాన్ని తెస్తాను.

నువ్వు ఏ గురువు శిష్యురాలివో నీ చేత్తో రాసి పంపు. ఆ కాగితం దుకాణంలో అంటిస్తాను.

నీ మామయ్య (గురువు)


రేక్యావిక్, అక్టోబరు 11

మామయ్యా,

పట్టా వచ్చింది. శనివారం బస్సుకి దిగుతాను. నా దగ్గర పుస్తకాల పెట్టె, పక్షుల బొమ్మల చుట్ట ఉన్నాయి, గుర్రం మీద పట్టవు. జీపులోనే రండి, ఇద్దరూ. ముందు సీటు కోసం కొట్టుకోకుండా.

దుకాణంలో అంటించడానికి కాగితం అడిగావు కదా, ఇదిగో. అంటించు.

(ఉన్నూర్, కోల్బెయిన్), (ఉన్నూర్, హ్యాల్టి).

ముందున్నది ఒక్కతే, తర్వాత ఇద్దరు. ఇది ప్రమేయం కాదు మామయ్యా. ఈసారి సరైన వరసలోనే చదివాను. నువ్వు దిద్దకు.

మీ ఇద్దరి
ఉన్నూర్